బ్రౌజర్ మారాలి, ఆఫీసుదీ ఇంటిదీ నాన్నగారిదీ విడగొట్టాలి: ఏది ముందు?

తీగమల్లి

అందరికీ నమస్తే. పదకొండేళ్లుగా ఒకే బ్రౌజర్, అందులో ఒకే ప్రొఫైల్. ఆఫీసు మెయిల్, నా సొంత మెయిల్, నాన్నగారి పెన్షన్, ఆయన వైద్య పరీక్షల రిపోర్టులు, బాబు పాఠాలు అన్నీ దాంట్లోనే. ఇన్నాళ్లూ ఎలాగోలా నెట్టుకొచ్చాను. పోయిన వారం రెండు సంగతులు జరిగాయి.

మొదటిది. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసి, అడ్రస్ బార్‌లో ఒక్క అక్షరం కొట్టాను. కింద వచ్చిన సూచనల్లో అన్నిటికన్నా పైన నాన్నగారి ల్యాబ్ రిపోర్టు పేజీ, ఆయన పేరుతో, పరీక్ష పేరుతో సహా. ఎనిమిది మంది చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ అది ఆయన విషయం, బయటపెట్టే హక్కు నాకు లేదు. ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు.

రెండోది. ఆఫీసు ఫారం ఒకటి నింపి పంపాక చూసుకుంటే, అది నా సొంత ఖాతా నుంచి వెళ్లింది. రెండు ఖాతాలూ ఒకే విండోలో లాగిన్ అయి ఉంటే ఆ సైటు ఏ ఖాతా తీసుకుంటుందో నా చేతిలో ఉండట్లేదు.

పైగా నేను నమ్ముకున్న యాడ్ బ్లాకర్ కూడా ఈ బ్రౌజర్‌లో పనిచేయడం ఆగిపోయింది. అందుకే ఫైర్‌ఫాక్స్‌కి వెళ్దామనుకుంటున్నాను. నా దగ్గర 1,400 బుక్‌మార్కులు, 312 పాస్‌వర్డులు ఉన్నాయి. ముందు ఇక్కడే విడగొట్టి తర్వాత మారాలా, మారాక అక్కడ విడగొట్టుకోవాలా? ఇలాంటిది చేసినవాళ్లు చెప్పండి.

సున్నాఒకటి

మారాకే విడగొట్టండి. ఇంకా సరిగా చెప్పాలంటే, కొత్త బ్రౌజర్‌లో ముందు ఖాళీ ప్రొఫైళ్లు పెట్టుకుని, ఒక్కో దాంట్లోకి దానికి కావలసింది మాత్రమే తెచ్చుకోండి. కొత్త బ్రౌజర్ తెరవగానే "అన్నీ దిగుమతి చేయమంటారా" అని అడుగుతుంది. అక్కడ సరే అనేస్తే పదకొండేళ్ల చిక్కుముడి అలాగే కొత్త చోటికి వచ్చేస్తుంది.

ప్రొఫైల్ అంటే పెద్ద మాయేమీ కాదు, డిస్కు మీద ఒక ఫోల్డర్. చరిత్ర, బుక్‌మార్కులు, కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటు గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు), పాస్‌వర్డులు, ఎక్స్‌టెన్షన్లు (యాడ్ బ్లాకర్ లాంటి అదనపు చేర్పులు), సెట్టింగులు అన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. రెండు ప్రొఫైళ్లంటే రెండు ఫోల్డర్లు, ఒకదాని కుకీ ఇంకోదానికి కనపడదు. మీ రెండో సమస్యకి మందు అదే. ఆఫీసు ప్రొఫైల్‌లో ఆఫీసు ఖాతా ఒక్కటే ఉంటే సైటుకి ఎంచుకోవడానికి ఇంకో ఖాతా ఉండదు. అడ్రస్ బార్ సూచనలు కూడా ఆ ఫోల్డర్‌లోని చరిత్ర నుంచే వస్తాయి కాబట్టి మొదటి సమస్య కూడా తీరుతుంది.

ఫైర్‌ఫాక్స్‌లో ప్రొఫైళ్లు మొదటి నుంచీ ఉన్నాయి గానీ ఎక్కడో మరుగున ఉండేవి. అడ్రస్ బార్‌లో "అబౌట్:ప్రొఫైల్స్" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తప్ప మామూలు మనిషికి కనపడేవి కావు. 2025లో వాటిని నేరుగా మెనూలోకి తెచ్చారు. పేరు, బొమ్మ, రంగు పెట్టుకోవచ్చు. పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ కలపొద్దు. ఏదో ఒక దారే పట్టుకోండి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మెనూ దారే మేలు.

లెక్కలమాస్టారు

సున్నాఒకటి గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. కడగడం మాత్రం పాత బ్రౌజర్‌లోనే చేయాలి. విడగొట్టడం కాదు, కడగడం, అంటే పనికిరానివి ఏరి తీసేయడం. 312 పాస్‌వర్డుల్లో సగానికి సగం చచ్చిపోయిన సైట్లవి, ఒకే సైటుకి మూడేసి పాతవి ఉంటాయి. పాత చోట మీరు ఇంకా లాగిన్ అయి ఉన్నారు, ఏది పనిచేస్తుందో అక్కడే తేలుతుంది. కొత్త చోటికి వెళ్లాక ప్రతి సైటూ మిమ్మల్ని కొత్త మనిషిలా చూస్తుంది. ఓటీపీ అడుగుతుంది, "ఈ పరికరం మాకు తెలియదు" అంటుంది. అప్పుడు తప్పు పాస్‌వర్డు నాలుగుసార్లు కొట్టి ఖాతా లాక్ చేసుకోవడం కన్నా ముందే చూసుకోవడం మంచిది.

ఇంకో మాట. మీ ముఖ్యమైన ఖాతాలకి రెండంచెల భద్రత ఉంటే, వాటి బ్యాకప్ కోడ్‌లు బ్రౌజర్ మారకముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. మారిన రోజు అన్ని ఖాతాలూ ఒకేసారి కోడ్ అడుగుతాయి. ఆ రోజే ఫోన్ దగ్గర లేకపోతే చాలా ఇబ్బంది.

గోరింట

అక్కా, అసలు ప్రొఫైళ్లెందుకు? ఫైర్‌ఫాక్స్‌కే వెళ్తున్నారు కదా, కంటైనర్లు వాడండి. మల్టీ-అకౌంట్ కంటైనర్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లానే 2017లో తెచ్చింది. ఒకే విండోలో ఒక ట్యాబ్ ఆఫీసు ఖాతా, పక్క ట్యాబ్ సొంత ఖాతా. ట్యాబ్ మీద రంగు గీత ఉంటుంది, ఆఫీసుకి నీలం, ఇంటికి ఆకుపచ్చ. "ఈ సైటు ఎప్పుడూ ఆఫీసు కంటైనర్‌లోనే తెరువు" అని ఒకసారి చెప్పేస్తే చాలు, ఇక మర్చిపోవచ్చు. నాలుగు విండోల మధ్య తిరగక్కర్లేదు. నేను ఏళ్ల తరబడి ఇలాగే వాడుతున్నాను.

సున్నాఒకటి

గోరింట గారూ, కంటైనర్లు నాకూ ఇష్టమే. కానీ ఈమె బాధ ఏంటో ఇంకోసారి చూడండి. కంటైనర్ విడదీసేది కుకీలనీ, సైటు దాచుకునే డేటానీ మాత్రమే. చరిత్ర ఒకటే, బుక్‌మార్కులు ఒకటే, పాస్‌వర్డులు ఒకటే, ఎక్స్‌టెన్షన్లూ ఒకటే. అంటే రేపు మళ్లీ మీటింగ్‌లో ఒక అక్షరం కొడితే మళ్లీ అదే ల్యాబ్ పేజీ పైకి వస్తుంది. మొదటి సమస్యకి కంటైనర్ ఏ మాత్రం పనికిరాదు.

గోరింట

నిజమే, ఆ సంగతి నేను పట్టించుకోలేదు. అక్కా, మొదటి దానికి ప్రొఫైలే కావాలి. కానీ ఆఫీసు ప్రొఫైల్ లోపల ఒకే సైటుకి రెండు ఖాతాలుంటే, ఉదాహరణకి మామూలు లాగిన్, అడ్మిన్ లాగిన్, అక్కడ మాత్రం కంటైనర్ పెట్టుకోండి. దానికోసం ఇంకో ప్రొఫైల్ తెరవడం దండగ.

పాతదీపం

తీగమల్లి గారూ, మీరు మొదలుపెట్టకముందే ఇది చదవండి. నేను రెండేళ్ల కిందట చేసిన పొరపాటు మీరు చేయకూడదని రాస్తున్నాను.

ఇల్లు, ఆఫీసు అని ఫైర్‌ఫాక్స్‌లో రెండు ప్రొఫైళ్లు చక్కగా పెట్టుకున్నాను. తర్వాత సింక్ కోసం, అంటే ఒకచోట దాచినవి అన్ని చోట్లా కనపడటం కోసం, రెండింట్లోనూ ఒకే ఖాతాతో లాగిన్ అయ్యాను. రెండు ప్రొఫైళ్లూ ఒకే మనిషి వాడే రెండు కంప్యూటర్లు అనుకుని సింక్ తన పని తాను చేసింది. కాసేపటికి ఆఫీసు బుక్‌మార్కులు ఇంట్లోకి, ఇంటివి ఆఫీసులోకి వచ్చి కలిసిపోయాయి. నేను కంగారుపడి ఆఫీసు వైపు నుంచి ఇంటివన్నీ ఎంచి తీసేశాను. ఆ తీసివేత కూడా సింక్ అయింది. ఇంటి వైపు తెరిచి చూస్తే ఫోల్డర్లకి ఫోల్డర్లు లేవు. మా అమ్మాయి చిన్నప్పటి నుంచి దాచిపెట్టిన లింకులు కూడా పోయాయి.

అవి మళ్లీ దొరికాయి. ఎలాగంటే ఫైర్‌ఫాక్స్ ప్రతి ప్రొఫైల్ ఫోల్డర్‌లోనూ "బుక్‌మార్క్‌బ్యాకప్స్" అనే లోపలి ఫోల్డర్‌లో తేదీల వారీగా నకళ్లు దాచుకుంటుంది, మామూలుగా 15 దాకా. ముందు సింక్ ఆపేసి, బుక్‌మార్కుల లైబ్రరీలో దిగుమతి-బ్యాకప్ మెనూకి వెళ్లి, రెండు రోజుల కిందటి తేదీ ఎంచుకుంటే అన్నీ తిరిగొచ్చాయి. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గంటలు గంటలు వెతికితే తెలిసింది.

కాబట్టి ఒక ప్రొఫైల్‌కి ఒక సింక్ ఖాతా. లేదా ఒక ప్రొఫైల్‌కే సింక్, మిగతావాటికి అసలు వద్దు. సింక్‌ని బ్యాకప్ అనుకోకండి. మీరు దాచింది ఎంత త్వరగా అన్ని చోట్లకీ పంపుతుందో, చెరిపిందీ అంతే త్వరగా పంపుతుంది.

పాస్‌వర్డుల గురించి కూడా ఒక మాట. పాత బ్రౌజర్ నుంచి బయటికి తీస్తే సీఎస్‌వీ ఫైలు వస్తుంది. అందులో 312 పాస్‌వర్డులూ పచ్చి అక్షరాల్లో ఉంటాయి, ఎవరు తెరిచినా చదవచ్చు. దాన్ని మెయిల్‌లో పంపుకోవద్దు, క్లౌడ్‌తో సింక్ అయ్యే ఫోల్డర్‌లో అసలే పెట్టొద్దు. చాలామంది కంప్యూటర్లలో డెస్క్‌టాప్ ఫోల్డరే క్లౌడ్‌కి కట్టి ఉంటుంది, చూసుకోండి. దిగుమతి అయిన వెంటనే చెరిపి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

ఆ ఫైల్లో పాస్‌కీలు (పాస్‌వర్డు బదులు వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి) రావు. పాస్‌కీతో లాగిన్ అవుతున్న సైట్లు ఏవైనా ఉంటే వాటి జాబితా ముందే రాసుకుని, కొత్త చోట మళ్లీ కొత్త పాస్‌కీ చేసుకోవాలి.

తీగమల్లి

పాతదీపం గారూ, మీ పోస్టు చదివి ఆగిపోయాను. సరిగ్గా అదే చేయబోయాను, మూడు ప్రొఫైళ్లలో ఒకే ఖాతా. చాలా కృతజ్ఞతలు.

లెక్కలమాస్టారు చెప్పినట్టు నిన్న రాత్రి పాస్‌వర్డులు కడిగాను. 312లో మిగిలినవి 97. బుక్‌మార్కులు హెచ్‌టీఎంఎల్ ఫైలుగా తీసి నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. మొదటి వరుసలోనే "నెట్‌స్కేప్-బుక్‌మార్క్-ఫైల్-1" అని ఉంది. నెట్‌స్కేప్ ఎప్పుడో పోయింది కదా, ఆ పేరు ఇంకా ఎందుకుంది?

లెక్కలమాస్టారు

నెట్‌స్కేప్ 1994లో వచ్చింది. బుక్‌మార్కులు దాచుకోవడానికి వాళ్లు పెట్టుకున్న ఫైలు పద్ధతినే తర్వాత వచ్చిన బ్రౌజర్లన్నీ అర్థం చేసుకోవడం మొదలుపెట్టాయి. అందుకే ఏ బ్రౌజర్ నుంచి ఏ బ్రౌజర్‌కైనా ఆ ఫైలు నడుస్తుంది. నాకు ఆ వరుస చూసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. కంపెనీ పోయినా దాని పద్ధతి ఇప్పటికీ మన లింకుల్ని మోస్తోంది.

ఆ ఫైలు పారేయకండి. చిన్నదే కదా, ఒక నకలు ఎక్కడైనా ఉంచుకోండి.

తీగమల్లి

నాలుగో రోజు. ఇల్లు, ఆఫీసు, నాన్నగారిది అని మూడు ప్రొఫైళ్లు పెట్టాను. నా యాడ్ బ్లాకర్ యూబ్లాక్ ఆరిజిన్ ఒక దాంట్లో వేశాను, మిగతా రెండింట్లోకి దానంతటది రాలేదు, ఒక్కో దాంట్లో విడిగా వేయాలని ఇప్పుడు తెలిసింది. అన్నట్టు, పాత బ్రౌజర్‌లో అది ఎందుకు ఆగిపోయిందో ఎవరైనా చెప్తారా?

అసలు చిక్కు ఇంకోటి. ఆఫీసు చాట్ యాప్‌లో ఎవరైనా లింకు పంపితే, నొక్కగానే అది ఇంటి ప్రొఫైల్‌లో తెరుచుకుంటోంది. అక్కడ ఆఫీసు లాగిన్ లేదు కాబట్టి పేజీ రాదు. రోజుకి ఇరవైసార్లు లింకు కాపీ చేసి అటు అతికించుకోవడం అవుతోంది.

సున్నాఒకటి

ఎక్స్‌టెన్షన్ సంగతి: క్రోమియం పునాది మీద నడిచే బ్రౌజర్లలో, అంటే క్రోమ్, ఎడ్జ్ లాంటివాటిలో, ఎక్స్‌టెన్షన్ల నియమాలు మారాయి. మేనిఫెస్ట్ వీ3 అంటారు. పాత పద్ధతిలో పేజీ బయటికి పంపే ప్రతి అభ్యర్థననీ ఎక్స్‌టెన్షన్ తానే చూసి ఆపగలిగేది. కొత్త పద్ధతిలో ముందే ఒక నియమాల జాబితా ఇచ్చి, ఆపే పని బ్రౌజర్‌కి వదిలేయాలి. క్రోమ్‌లో పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను 2024లో మొదలుపెట్టి 2025కల్లా ఆపేశారు. యూబ్లాక్ ఆరిజిన్ పాత పద్ధతిలో రాసింది. కొత్త నియమాలకి తగ్గట్టు అదే రచయిత లైట్ అని ఒకటి చేశారు, అది చాలామందికి సరిపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పాత పద్ధతి కూడా ఉంచారు, అందుకే అసలుది అక్కడ నడుస్తోంది.

లింకుల సంగతి: బయటి యాప్ నుంచి వచ్చే లింకుకి మీ ప్రొఫైళ్ల సంగతి తెలియదు, డిఫాల్ట్ బ్రౌజర్‌కి ఇచ్చేసి ఊరుకుంటుంది. ఏ ప్రొఫైల్‌లో తెరవాలో బ్రౌజర్ తనే తేల్చుకుంటుంది. క్రోమ్‌లో ఎక్కువగా చివరిసారి వాడిన ప్రొఫైల్‌కి పోతుంది. ఎడ్జ్‌లో మాత్రం బయటి లింకులన్నీ ఫలానా ప్రొఫైల్‌లోనే తెరవాలని చెప్పే సెట్టింగ్ ఉంది.

గోరింట

అక్కా, నేను చూసిన దారి ఒకటుంది. కొంచెం మొరటుగా అనిపిస్తుంది గానీ పనిచేస్తుంది. ఆఫీసుకి ఒక బ్రౌజర్, ఇంటికి ఇంకో బ్రౌజర్. ఆఫీసు పాతదాంట్లోనే ఉండనివ్వండి, దాన్నే డిఫాల్ట్ చేయండి. చాట్, మెయిల్ యాప్‌ల లింకులు ఎక్కువగా ఆఫీసువే కదా, అవి అటే పోతాయి. ఇల్లూ నాన్నగారిదీ ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకోండి. మారడమంటే పాతదాన్ని పూర్తిగా వదిలేయాలని ఎక్కడా లేదు.

తీగమల్లి

ఇది నాకు తట్టనే లేదు. రేపే చేస్తాను.

నిశిరాత్రి

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. ఆఫీసు గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను, నేను చేసేది సిస్టమ్ అడ్మిన్ పని.

సంస్థ ఇచ్చిన ఖాతాతో బ్రౌజర్ ప్రొఫైల్‌లోకి లాగిన్ అయితే ఆ ప్రొఫైల్ సంస్థ నిర్వహణలోకి వెళ్లవచ్చు. మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న వాక్యం కనపడితే అదే అర్థం. ఏ ఎక్స్‌టెన్షన్ ఉండాలో, పాస్‌వర్డులు దాచనివ్వాలో లేదో, ఏ సైట్లు తెరవనివ్వాలో అక్కడ మాలాంటి వాళ్లం నిర్ణయిస్తాం. ఉద్యోగం మానిన రోజు ఆ ఖాతా మూసేస్తాం. దాంతో ముడిపడి ఉన్నవి కూడా పోవచ్చు. అందుకే సొంత పాస్‌వర్డు ఒక్కటి కూడా ఆఫీసు ప్రొఫైల్‌లో దాచొద్దు. ఉద్యోగం మానే రోజు "నా బ్యాంకు పాస్‌వర్డు దాంట్లో ఉంది, ఒక్క పూట తెరవండి" అని అడిగేవాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. చాలాసార్లు మేం ఏమీ చేయలేం. ఆ మొహాలు చూడటం కష్టంగా ఉంటుంది.

నాన్నగారి ప్రొఫైల్ గురించి కూడా. ప్రొఫైల్ అంటే గోడే గానీ తాళం కాదు. కంప్యూటర్ తెరిచి ఉంటే ఎవరైనా మెనూలో ఆయన పేరు నొక్కి లోపలికి వెళ్లవచ్చు. మీరూ ఆయనా ఒకే కంప్యూటర్ వాడుతుంటే, ఆయనకి కంప్యూటర్‌లోనే వేరే యూజర్ ఖాతా, దానికో పాస్‌వర్డు పెట్టండి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ అని ఒకటుంది, అది దాచిన పాస్‌వర్డులకి తాళం వేస్తుంది. చరిత్రకీ, అప్పటికే లాగిన్ అయి ఉన్న సైట్లకీ వేయదు.

పాతదీపం

ప్రొఫైల్‌ని వేరే యూజర్ ఖాతాలోకి మార్చాలంటే, ఫైర్‌ఫాక్స్ పూర్తిగా మూసేసి ఆ ఫోల్డర్‌లోవన్నీ నకలు చేయవచ్చు. తెరిచి ఉండగా మాత్రం చేయొద్దు, డేటాబేస్ ఫైళ్లు సగం సగం వస్తాయి. పాస్‌వర్డులు రెండు ఫైళ్లలో ఉంటాయి. "లాగిన్స్.జేసన్"లో తాళం వేసిన పాస్‌వర్డులు, "కీ4.డీబీ"లో ఆ తాళంచెవి. ఒకటి తెచ్చి ఒకటి మరిస్తే తెచ్చిందీ పనికిరాదు. క్రోమ్ ఫోల్డర్‌తో విండోస్‌లో ఇలా చేయలేం. అక్కడ తాళంచెవి ఆ విండోస్ ఖాతాతో ముడిపడి ఉంటుంది, వేరే చోట ఫోల్డర్ ఉంటుంది గానీ పాస్‌వర్డులు తెరుచుకోవు.

రాగిచెంబు

ఫోన్‌లో కూడా ఇలా విడగొట్టవచ్చా? నాకు ఫోనే ముఖ్యం.

నిశిరాత్రి

ఐఫోన్ అయితే సఫారీలో ప్రొఫైళ్లు ఉన్నాయి, 2023లో ఐఓఎస్ 17తో వచ్చాయి. ఆండ్రాయిడ్‌లో బ్రౌజర్ ప్రొఫైళ్ల మీద ఆధారపడకుండా, ఆఫీసు వాళ్లు ఇస్తే వర్క్ ప్రొఫైల్ వాడండి. దాంట్లో యాప్‌లే రెండేసి ఉంటాయి, ఆఫీసు వైపు యాప్‌కి చిన్న బ్రీఫ్‌కేసు గుర్తు ఉంటుంది. అది లేకపోతే గోరింట గారి దారే, ఇంటికొక బ్రౌజర్ యాప్, పనికొక బ్రౌజర్ యాప్.

తీగమల్లి

మూడు వారాలైంది, ఎలా కుదిరిందో చెప్తాను.

ఆఫీసు పాత బ్రౌజర్‌లోనే ఉంది, అందులో ఆఫీసు ఖాతా తప్ప ఇంకేమీ లేకుండా కొత్త ప్రొఫైల్. అదే డిఫాల్ట్. లింకుల తిప్పలు పోయాయి. సొంత పాస్‌వర్డులన్నీ అక్కడి నుంచి తీసేశాను, నిశిరాత్రి గారి పోస్టు చదివిన రాత్రే. 1,400 బుక్‌మార్కుల్లో ఇంటి ప్రొఫైల్‌లోకి తెచ్చింది 180. మిగతావి ఆ హెచ్‌టీఎంఎల్ ఫైల్లోనే ఉన్నాయి. ఇప్పటిదాకా దాన్ని తెరవాల్సిన అవసరం రెండుసార్లే వచ్చింది.

నాన్నగారికి కంప్యూటర్‌లో వేరే ఖాతా పెట్టాను. ఆయన ఫైర్‌ఫాక్స్‌లో పైన టూల్‌బార్ మీద ఆరు బుక్‌మార్కులే. పెన్షన్, బ్యాంకు, ల్యాబ్, మెయిల్, వార్తలు, మనవడి ఫోటోలు. సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ జూమ్ 150 శాతం చేశాను, ఏ సైటు తెరిచినా అక్షరాలు పెద్దగానే వస్తాయి. ఒకే ప్రొఫైల్‌లో ఉన్నన్నాళ్లూ ఆయన పెద్దవి చేసుకుంటే నేను చిన్నవి చేసేదాన్ని. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ తుడుచుకుని చదవడం చూశాను గానీ, ఇది కారణమని ఎప్పుడూ అనుకోలేదు. మొదటి రోజు ఆయన ల్యాబ్ రిపోర్టు తనే తెరిచి, నన్ను పిలవకుండా చివరిదాకా చదువుకున్నారు. పాస్‌వర్డు ఏం పెట్టుకున్నారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఒక్క సందేహం మిగిలింది. పాత బ్రౌజర్‌లో పదకొండేళ్ల ఆ మొదటి ప్రొఫైల్ ఇంకా అలాగే ఉంది. తీసేయమంటారా?

లెక్కలమాస్టారు

ఇంకో రెండు నెలలు ఉంచండి. ఏడాదికోసారి మాత్రమే తెరిచే సైట్లు కొన్ని ఉంటాయి, పన్నులవీ బీమావీ, వాటి వంతు వచ్చినప్పుడు గానీ ఏది మర్చిపోయామో తెలియదు. ఈలోగా దాంట్లో సింక్ ఆపేసి ఉంచండి. ఆపేటప్పుడు "ఈ పరికరం నుంచి డేటా చెరిపేయి" అన్న గడి అడిగితే టిక్ పెట్టకండి. ఆ తర్వాత తీసేయవచ్చు.

తీగమల్లి

టిక్ పెట్టకుండా సింక్ ఆపేశాను. బీమా ఖాతా నిజంగానే తేవడం మర్చిపోయాను మాస్టారూ, ఇప్పుడే ఇంటి ప్రొఫైల్‌లోకి తెచ్చుకున్నాను.